లేట్ హార్వెస్ట్ రెడ్ వైన్ (ఆలస్యంగా కోసిన ద్రాక్షతో చేసే తియ్యటి రెడ్ వైన్): అపోహలు – వాస్తవాలు

అపోహ: తియ్యటి వైన్ కదా, స్వీట్లతోనే తాగాలి.

సీసా దండగయ్యేది ఇక్కడే. విజయనగరంలో తీసినా శ్రీకాకుళంలో తీసినా పక్కకు ముందు వచ్చేది స్వీట్ల పళ్లెమే. పళ్లెంలోది వైన్ కన్నా తక్కువ తీపిగా ఉండాలి, ఇదొక్కటి గుర్తుంటే చాలు. లీటరుకు 100 గ్రాముల చక్కెర ఉన్న వైన్ తియ్యనిదే, కానీ పాకంలో నానిన జిలేబీ ముందు అదెంత? నాలుక మీద పాకం ఉండగా గుక్క వేస్తే వైన్ తీపి అస్సలు తెలియదు. పులుపు, వగరు మాత్రమే తగులుతాయి. దాంతో ‘పాడైపోయింది’ అని సింకులో పోసేస్తారు. పాడవలేదండీ, పక్కన పెట్టింది తప్పు! భీమాలి తాండ్రతోనూ ఇదే గొడవ.

అనుమానమైతే ముందు ఉత్త వైన్ ఒక గుక్క తాగండి. తర్వాత స్వీటు చిన్న ముక్క తిని, మళ్లీ వైన్ తాగండి. రెండో గుక్క పుల్లగా, పల్చగా అనిపిస్తే ఆ స్వీటు తీసేయండి. మందస కోవా మీద మనసుంటే చక్కెర బాగా తగ్గించి చేయించుకున్నదే పెట్టండి.

బాగా కుదిరేది మన పలాస జీడిపప్పు. గుళ్లను సన్నసెగ మీద కాస్త నేతిలో దోరగా వేయించి, వేడి మీదే ఉప్పు చల్లండి. కారం చల్లొద్దు, ఈ వైన్‌లో ఉండే దాదాపు 15 శాతం ఆల్కహాల్ ఆ మంటను ఇంకా పెంచుతుంది. ఉప్పు వగరును అణిచి, వైన్‌లోని పండు రుచిని పైకి తెస్తుంది. 70 శాతం కోకో ఉన్న డార్క్ చాక్లెట్, బ్లూ చీజ్ (నీలి బూజు చారలుండే ఉప్పటి చీజ్) కూడా బాగుంటాయి. ఎండుచేపలు మాత్రం వద్దు. రెడ్ వైన్‌లోని ఇనుము చేప కొవ్వుతో కలిస్తే నీచు రేగుతుంది.

మన ఎండలకు సీసాను ఐసునీళ్ల బకెట్లో పావుగంట ఉంచాకే పోయండి.

అపోహ: చక్కెర కలుపుతారు.

అక్కర్లేదు. గుత్తులను కోయకుండా తీగ మీదే ఇంకొన్ని వారాలు వదిలేస్తారు. నీరు ఇగిరి పండులో తీపి చిక్కబడుతుంది. పులిసేటప్పుడు ఆల్కహాల్ పెరిగి ఈస్ట్ (చక్కెరను తిని ఆల్కహాల్‌గా మార్చే సూక్ష్మజీవి) చచ్చిపోతే, అది తినగా మిగిలినదే ఆ తీపి.

అపోహ: తియ్యగా ఉంది, మత్తు తక్కువ.

లెక్క చూడండి. 15 శాతం వైన్ 150 మి.లీ. గ్లాసులో దాదాపు 18 గ్రాముల ఆల్కహాల్. 42.8 శాతం విస్కీ 60 మి.లీ. పెగ్గులో 20. అందుకే దీన్ని చిన్న గ్లాసులో కొద్దిగానే పోస్తారు.

అపోహ: రక్తం పడుతుంది, బాలింతకు మంచిది.

ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, ఇక ఆపాలి. ఆల్కహాల్ తల్లిపాలలోకి వెళ్తుంది. రక్తం తక్కువైతే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించి, డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు వేసుకోవాలి. పెద్దవాళ్లు పోశారని ఒక చెంచా తాగి బెంగపడుతున్న తల్లీ, కంగారు పడకమ్మా. ఇక తాగకు, డాక్టరుకు ఓ మాట చెప్పు. షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవాళ్లూ అడగకుండా ముట్టుకోవద్దు.

మిగిలిన వైన్‌కు మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి. వారంలోపు అవగొట్టేయాలి.