లాయర్‌ని సీసీలో పెడితే మెయిల్ దాగిపోతుందా?

మొన్న మళ్ళీ అదే ఫోన్, నాలాగే పీఆర్ (సంస్థలకు ప్రచారం, మీడియా వ్యవహారాలు చూసే పని) చేసే ఒకావిడ నుంచి. క్లయింటు మీద కేసు పడిందట, అవతలి పక్షం పీఆర్ టీమ్ మెయిళ్లు కూడా ఇమ్మంటోందట. "అన్నిట్లోనూ లాయర్ గారు సీసీలో ఉన్నారు కదండీ, మనకేం భయం?" అంది ఆవిడ. గొంతు మాత్రం వణుకుతోంది. ఇరవయ్యేళ్లుగా ఈ ప్రశ్న వింటున్నాను. నేను చెప్పేది అమెరికా కోర్టుల సంగతి. ఈ-డిస్కవరీ, అంటే కేసులో అవతలి పక్షం అడిగిన మెయిళ్లు, చాట్‌లు ఇవ్వాల్సి రావడం. ఆ దెబ్బ మా పీఆర్ వృత్తికి ఎక్కువగా తగిలేది అక్కడే.

అపోహ: లాయర్ సీసీలో ఉంటే అది ప్రివిలేజ్డ్ మెయిల్, అంటే అవతలి పక్షానికి ఇవ్వక్కర్లేనిది.

వాస్తవం: కాదు. సబ్జెక్ట్ లైన్లో పెద్దక్షరాలతో 'ప్రివిలేజ్డ్' అని రాసినా కాదు. న్యాయ సలహా కోసం లాయరూ క్లయింటూ మాట్లాడుకున్నదానికే ఆ రక్షణ. మధ్యలో మూడో మనిషి ఉంటే మామూలుగా అది పోతుంది. ఆ మూడో మనిషి మనమే. 2000లో కాల్విన్ క్లైన్ కేసులో పీఆర్ సంస్థను పెట్టింది క్లయింటు తరఫు లాయర్లే. అయినా వాళ్లు చేసింది మామూలు పీఆర్ పనేనని, ప్రివిలేజ్ వర్తించదని న్యూయార్క్ ఫెడరల్ కోర్టు తేల్చింది. 2003లో అదే కోర్టులో ఇంకో జడ్జి, ఒక గ్రాండ్ జ్యూరీ (నేరాభియోగం మోపాలా వద్దా తేల్చే పౌరుల బృందం) దర్యాప్తులో, మీడియా ఒత్తిడి తగ్గించి క్లయింటుపై అభియోగం పడకుండా చూడటానికి లాయర్లు పెట్టుకున్న పీఆర్ వాళ్లకు మినహాయింపు ఇచ్చి, ప్రివిలేజ్ వర్తిస్తుందన్నారు. మనవాళ్లు ఈ ఒక్కదాన్నే పట్టుకుని వేలాడతారు. 2017లో బెహునిన్ కేసులో కాలిఫోర్నియా అప్పీల్ కోర్టు ఏమందో మాత్రం చదవరు. కన్సల్టెంట్‌ని లాయరే పెట్టినా, ఆ సంభాషణలు న్యాయ సలహాకు ఎందుకు అవసరమయ్యాయో చూపించలేదు కాబట్టి రక్షణ లేదంది.

నాకెలా తెలిసిందంటే, నేనూ దెబ్బతిన్నాను. ఒక ప్రెస్ నోట్ నాలుగో డ్రాఫ్ట్ పక్కన కామెంట్ డబ్బాలో "ఈ లైన్ తీసేద్దాం, ఎవరూ అడగరు" అని రాశాను. తీసేసింది కేవలం ఒక తేదీ, అదీ పొడవు తగ్గించడానికే. రెండేళ్ల తర్వాత డిపోజిషన్‌లో (విచారణకు ముందు ప్రమాణం చేయించి తీసుకునే వాంగ్మూలంలో) అవతలి లాయర్ ఆ పేజీ ప్రింట్ నా ముందుకు జరిపాడు. పసుపు రంగు డబ్బా, నా పేరు, రాత్రి 11:42. "ఏం అడగరనుకున్నారు?" అన్నాడు. ఆ మెయిల్లోనూ లాయర్ సీసీలోనే ఉన్నారు.

అపోహ: డిలీట్ చేస్తే గొడవ వదులుతుంది.

వాస్తవం: అసలు గొడవ అక్కడే మొదలవుతుంది. కేసు వస్తుందని తెలిశాక దేన్నీ చెరపకూడదు. లాయర్లు లీగల్ హోల్డ్ అనేది దీన్నే. 2015లో సవరించిన ఫెడరల్ రూల్ 37(ఇ) ప్రకారం, అవతలివాళ్లకు అందకూడదనే ఉద్దేశంతో పోగొట్టారని, అది ఇంకెక్కడా దొరకదని తేలితే, పోయింది మీకు వ్యతిరేకమైనదేనని అనుకోమని జడ్జి జ్యూరీకి చెప్పవచ్చు. ఏకంగా కేసే ఓడిపోయినట్టు తీర్పు ఇవ్వవచ్చు. యూబీఎస్ బ్యాంకు మీద అక్కడ పనిచేసిన లారా జుబులేక్ వేసిన కేసులో, ఆ బ్యాంకు ఉద్యోగులు మెయిళ్లు చెరిపేశారు. ఆ నిబంధన రాకముందే, 2004లో, జడ్జి జ్యూరీకి అలాంటి సూచనే ఖాయం చేశారు. 2005లో జ్యూరీ ఆమెకు సుమారు 2.9 కోట్ల డాలర్లు ఇప్పించింది. మెయిల్ మీ దగ్గర పోయినా, అందుకున్నవాడి దగ్గరా, బ్యాకప్‌లోనూ దొరుకుతుంది. మీరు చెరిపారన్న సంగతీ దానితోపాటే బయటపడుతుంది.

అపోహ: మేం కేసులో పార్టీయే కాదు. వాస్తవం: ఫెడరల్ రూల్ 45 కింద సబ్‌పీనా (కోర్టు పేరిట వచ్చే ఆదేశం) వస్తే పీఆర్ ఏజెన్సీ కూడా ఇవ్వాల్సిందే.

అపోహ: వాట్సాప్, సొంత ఫోన్ లెక్కలోకి రావు. వాస్తవం: పని మాట ఎక్కడ మాట్లాడితే అక్కడి నుంచి అడుగుతారు.

ఇక ఆవిడ సంగతి. టెన్షన్‌తో అప్పటికే ఒక చాట్ గ్రూప్ నుంచి బయటికి వచ్చేసిందట. ఫోన్లో ఆటో డిలీట్ ఆపేయమన్నాను, ఏ ఫోల్డరూ ముట్టుకోవద్దన్నాను, గ్రూప్ సంగతి లాయర్‌కి ఇవాళే చెప్పమన్నాను. సాయంత్రం మెసేజ్ పెట్టింది: "చెప్పేశాను. తిట్టలేదు."