కందిరీగ గూట్లో ఏముంది?

అమ్మమ్మగారి పెంకుటింట్లో దేవుడి గది గుమ్మం పైన ఏటా ఒక మట్టిగూడు వెలిసేది. సన్న నడుము కందిరీగ ఒకటి బావి గట్టు దగ్గర తడిమట్టిని ఉండ చేసుకుని, నోట కరుచుకొచ్చి, కాసేపట్లోనే బుల్లి కుండ ఒకటి కట్టేది. ఆ తర్వాత ఒక ఆకుపచ్చ పురుగును మోసుకొచ్చి అందులో కుక్కేది. ఇంకోటి తెచ్చేది, మరోటి తెచ్చేది. చివరికి మట్టితో మూతి మూసేసి ఎటో వెళ్లిపోయేది. కొన్ని వారాలు గడిచాక గూటికి చిల్లు పడేది. అందులోంచి కొత్త కందిరీగ ఒకటి బయటికొచ్చేది.

లోపలికి వెళ్లింది పురుగు, వచ్చింది కందిరీగ. "దాని రొదకి భయపడి, దాన్నే తలుచుకుని తలుచుకుని పురుగు కూడా అదే అయిపోతుంది నాన్నా" అనేది అమ్మమ్మ. ఇది ఆవిడ సొంత మాట కాదు. దీన్నే పెద్దలు భ్రమర కీటక న్యాయం అన్నారు. ద్వేషంతో తలుచుకున్నా శిశుపాలుడు కృష్ణుడిలో ఎలా కలిశాడని ధర్మరాజు అడిగితే, భాగవతం ఏడో స్కంధంలో నారదుడు చెప్పే పోలిక ఈ పురుగుదే.

నాకు ఆ పోలిక మీద గౌరవం ఉంది. అది కనిపెట్టినవాళ్లు గోడ దగ్గర కూర్చుని రోజుల తరబడి ఓపిగ్గా చూశారు. చూసినదాంట్లో తప్పేమీ లేదు. గూడు మాత్రం విప్పలేదు.

నేను ఒక మధ్యాహ్నం చీపురుపుల్లతో విప్పాను. లోపల అయిదారు పురుగులున్నాయి. పుల్లతో తాకితే ఒకటి కొద్దిగా మెలికపడింది. అంటే చావలేదు. పైన, గూటి కప్పు నుంచి సన్నటి దారానికి వేలాడుతూ తెల్లటి గుడ్డు ఒకటి ఉంది. అంతా అక్కడే తేలిపోయింది. కందిరీగ పురుగును కుట్టేది చంపడానికి కాదు, కదలకుండా చేయడానికి. చచ్చిన పురుగు రెండు రోజుల్లో కుళ్లిపోతుంది. చచ్చుబడినది తాజాగా ఉంటుంది. గుడ్డులోంచి వచ్చే పిల్లకు అదే తిండి. అమ్మమ్మ ధ్యానమనుకున్నది తల్లి సర్దిపెట్టిన సద్దిమూట.

ఒక ప్రవర్తనకు అర్థం దాన్ని చూస్తూ కూర్చుంటే దొరకదు. దాని చుట్టూ ఉన్నదాన్ని కొంచెం కదిపి, అప్పుడేం జరుగుతుందో చూడాలి. ఈ పనిని ఫ్రాన్స్ దక్షిణాన ఒక బడిపంతులు నాకన్నా ఎంతో పద్ధతిగా చేశాడు. పేరు ఝాఁ ఆఁరీ ఫాబ్ర్ (1823-1915). ఆయన గమనించిన కందిరీగ నేలలో బొరియ తవ్వుతుంది. కీచురాయిని కుట్టి తెచ్చి, బొరియ అంచున పెట్టి, ఒకసారి లోపలికి వెళ్లి చూసి, తిరిగొచ్చి లోపలికి లాక్కుంటుంది. ఎంత ముందుచూపు అనిపిస్తుంది. అది లోపల ఉండగా ఫాబ్ర్ కీచురాయిని కొంచెం దూరం జరిపాడు. కందిరీగ బయటికొచ్చి, వెతికి, మళ్లీ అంచుకు తెచ్చింది. తిన్నగా లాక్కుపోలేదు, మళ్లీ లోపలికి వెళ్లి చూసింది. ఆయన మళ్లీ జరిపాడు. నలభై సార్లు ఇదే జరిగింది. ముందు విసిగింది ఫాబ్రే.

ఇంకో జాతి కందిరీగ బొరియ మూస్తుంటే, దాన్ని పక్కకు తప్పించి లోపలున్న ఆహారాన్ని, గుడ్డును తీసేశాడు. అది ఖాళీ బొరియలోకి వెళ్లి చూసి కూడా, బయటికొచ్చి శ్రద్ధగా మూత వేసుకుంది.

ఈ కథను "పురుగు ఒట్టి యంత్రం" అని నిరూపించడానికి చాలామంది వాడుకున్నారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. ఎందుకంటే మరోచోట అదే జాతి కందిరీగలు రెండు మూడు సార్లు చూసి, తర్వాత కీచురాయిని తిన్నగా లోపలికి లాక్కుపోయాయని కూడా ఫాబ్రే రాశాడు. ఆ సగం ఎవరూ చెప్పరు. పైగా వేటకు వెళ్లొచ్చేలోగా బొరియలోకి చీమలు చేరొచ్చు, మట్టి కూలొచ్చు. లోపల చూసుకోవడం మంచి అలవాటే. కీచురాయిని జరిపే మనిషి మాత్రం దాని లోకంలో ఎప్పుడూ లేడు.

"ఎందుకు చేసింది?" అన్న ఒక్క ప్రశ్నలో నాలుగు ప్రశ్నలు ఇరుక్కుని ఉంటాయని 1963లో జంతు ప్రవర్తన శాస్త్రవేత్త నికో టింబర్గెన్ విడదీసి చెప్పాడు. ఈ క్షణంలో దాన్ని కదిలించింది ఏమిటి, ఆ పని పుట్టుకతో వచ్చిందా నేర్చుకున్నదా, దానివల్ల బతుకుకు లాభమేమిటి, పూర్వీకుల్లో అది ఎలా మొదలై ఇలా మారింది. ఒకదానికి జవాబు చెప్పి నాలుగూ తేలిపోయాయనుకోవడం వల్లే సగం వాదాలు. ఆయనకు 1973లో నోబెల్ వచ్చింది.

ప్రాణం లేనివాటి విషయంలోనూ మనం ఇంతే. 1940ల చివర్లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మెదడు శాస్త్రవేత్త గ్రే వాల్టర్ రెండేసి రేడియో వాల్వులతో, వాటంతట అవే కదిలే తాబేలు బొమ్మలు చేశాడు. వెలుగు కనిపిస్తే అటు వెళ్లడం, ఏదైనా తగిలితే తప్పుకోవడం, వాటికి తెలిసింది అంతే. బొమ్మ ముందువైపు ఒక చిన్న దీపం ఉండేది. వెలుగు కనబడగానే ఆ దీపం ఆరిపోతుంది. అద్దం ముందు పెడితే తన దీపాన్నే చూసి, ఆర్పుకుని, మళ్లీ వెలిగించుకుని, ఊగుతూ నాట్యం చేసింది. ఒక జంతువు ఇలా చేసి ఉంటే దానికి తనెవరో తెలుసు అనేవాళ్లమని వాల్టరే రాశాడు.

మనుషుల సంగతి బెర్లిన్‌లో ఒక గుర్రం బయటపెట్టింది. హాన్స్ అనే ఆ గుర్రం లెక్క అడిగితే గిట్టతో నేల తట్టి జవాబు చెప్పేది. 1904లో పదమూడు మంది సంఘం పరీక్షించి, మోసం లేదని తేల్చింది. నిజంగానే లేదు. తర్వాత ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వ పరిశోధకుడు రెండు విషయాలు మార్చి చూశాడు: అడిగేవాడికి జవాబు తెలియకుండా చేశాడు, తర్వాత అడిగేవాడు గుర్రానికి కనబడకుండా చేశాడు. రెండుసార్లూ లెక్క తప్పింది. తట్లు సరైన అంకెకు చేరగానే అడిగినవాడి తల తెలియకుండానే రవ్వంత పైకి లేస్తోంది. అది చూసి హాన్స్ ఆగిపోతోంది. అసలు కిటుకు తెలిశాక కూడా ఫుంగ్‌స్ట్ తన తల కదలకుండా ఆపుకోలేకపోయాడు.

మా వీధిలో రెండో తరగతి పిల్లవాడు ఒకడు పిలిస్తే పలికేవాడు కాదు. ఇంట్లో మొండి అన్నారు, బడిలో ధ్యాస లేదన్నారు. పండక్కి వచ్చిన వాళ్ల పెద్దమ్మ వాడి వెనక నిలబడి మెల్లగా "జంతికలు కావాలా?" అంది. తిరగలేదు. ముందుకొచ్చి అంతే మెల్లగా అదే మాట అంది. చెయ్యి చాపాడు. డాక్టరు చూసి, రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరిందన్నాడు. ఇన్నాళ్లూ వాడు పెదాలు చూసి నెట్టుకొచ్చాడు. అలా చేస్తున్నట్టు వాడికీ తెలియదు.