రైలును, రెక్కను, కాలాన్ని ముక్కలు చేసే లెక్క

కంప్యూటరు మీద రైలు నడిపే ఆట ఆడుతున్న తన కుమారుడు స్టేషను కనబడకముందే బ్రేకు వేస్తున్నాడనీ, అయినా బండి ప్లాట్‌ఫారం దాటిపోతున్నదనీ, ఇది ఆటలోని లోపమా లేక నిజం రైళ్లు కూడా ఇలాగే ప్రవర్తిస్తాయా అనీ ఒక పాఠకురాలు అడిగారు. నిజం రైళ్లు ఇలాగే ప్రవర్తిస్తాయి. అంతకంటే ఆసక్తికరమైన సంగతి మరొకటి ఉంది. మంచి సిమ్యులేటరులో, అంటే నిజం బండి నడకను కంప్యూటరు లెక్కలతో అనుకరించే ఆటలో, ఈ ప్రవర్తనను ఎవరూ నేరుగా రాసిపెట్టరు. చిన్న చిన్న నియమాలను కోట్లసార్లు వరుసగా వర్తింపజేస్తే అది దానంతట అదే పుట్టుకొస్తుంది. ఎలాంటి కంప్యూటరు కొనాలి, ఏ మీట ఏ పని చేస్తుంది అన్న సంగతులు ఎక్కడైనా దొరుకుతాయి కనుక వాటి జోలికి పోకుండా, ఈ పుట్టుకొచ్చే తీరు గురించే రాస్తాను.

మన రైళ్లలో ఇంజను నుంచి చివరి పెట్టె దాకా బ్రేక్ పైపు అనే గొట్టం ఉంటుంది. అందులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడితో గాలి నిండి ఉంటుంది. బ్రేకు వేయడమంటే లోకో పైలట్ ఆ గొట్టంలోకి గాలిని పంపడం కాదు, అందులోని గాలిని కొంత బయటకు వదలడం. ఒత్తిడి తగ్గగానే ప్రతి పెట్టె కింద ఉన్న వాల్వు, ఆ పెట్టెకు చెందిన చిన్న ట్యాంకులో నిల్వ ఉన్న గాలిని బ్రేక్ సిలిండరులోకి మళ్లిస్తుంది. అప్పుడు బ్రేకులు చక్రాలను పట్టుకుంటాయి. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1872లో తెచ్చిన ఈ ఏర్పాటులోని తెలివి ఏమిటంటే, గొట్టం తెగినా, బండి మధ్యలో విడిపోయినా గాలి బయటకు పోయి బ్రేకులు వాటంతట అవే పడతాయి.

అయితే ఒత్తిడి తగ్గిన కబురు ధ్వని వేగాన్ని మించి ప్రయాణించలేదు. 700 మీటర్ల పొడవున్న గూడ్సు బండిలో ఆ కబురు చివరి వ్యాగనును చేరడానికి కనీసం రెండు సెకన్లు పడుతుంది, వాస్తవంలో ఇంకాస్త ఎక్కువే పడుతుంది. బంతి భోజనంలో మొదటి విస్తరిలో పప్పన్నం కలుపుతున్న వేళకు చివరి విస్తరిలో ఇంకా నీళ్లు చల్లుకుంటూ ఉన్నట్లే, ముందు వ్యాగన్లు వేగం తగ్గించుకుంటున్న వేళకు వెనుక వ్యాగన్లు అదే వేగంతో వచ్చి వాటి మీద పడుతుంటాయి. ఈ తాకిడి ప్రమాదకరం కాకూడదనే, గూడ్సు బండ్లలో సిలిండరు నిండడానికి 18 నుంచి 30 సెకన్లు పట్టేటట్లు కావాలనే నెమ్మదిగా రూపొందించారు. ప్రయాణికుల బండ్లలో అది 3 నుంచి 5 సెకన్లే. గంటకు 72 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 20 మీటర్లు. బ్రేకు పూర్తి బలం పుంజుకునే లోపే గూడ్సు బండి కొన్ని వందల మీటర్లు వెళ్లిపోతుంది.

మైక్రోసాఫ్ట్ 2001లో విడుదల చేసిన ట్రైన్ సిమ్యులేటర్ కోసం తయారైన మార్గాలను నేటికీ నడిపించే ఓపెన్ రైల్స్ అనే ఉచిత కార్యక్రమం ఈ పనిని పెట్టె పెట్టెకూ విడివిడిగా చేస్తుంది. ప్రతి పెట్టెకూ గొట్టంలోని ఒత్తిడి ఒక అంకె, ట్యాంకులోని ఒత్తిడి ఒక అంకె, సిలిండరులోని ఒత్తిడి ఇంకొక అంకె. ఆడుతూనే ఆ అంకెలను తెర మీద చూడవచ్చు. బైలడిల్లా ఇనుప ఖనిజంతో నిండి, కొత్తవలస–కిరండూల్ మార్గంలో అనంతగిరి కొండల మీదుగా విశాఖపట్నం దిగివచ్చే బండిని తలచుకుంటే ఆ అంకెల విలువ తెలుస్తుంది. ప్రతి 60 మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగే పట్టాల మీద, నిలిచి ఉన్న బండిని బ్రేకు లేకుండా వదిలేస్తే, చక్రాల నిరోధాన్ని పక్కన పెట్టి లెక్కిస్తే, ఒక్క నిమిషంలో అది గంటకు 35 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. కంగారులో బ్రేకు వేస్తూ, వదులుతూ, మళ్లీ వేస్తూ పోతే, ట్యాంకులు తిరిగి నిండే వ్యవధి దొరకక గాలి తరిగిపోతుంది, బ్రేకు బలం తగ్గిపోతుంది. అందుకే ఘాటు దిగేటప్పుడు ఇంజనులోని మోటార్లను జనరేటర్లుగా మార్చి, ఆ నిరోధంతోనే వీలైనంత మేర వేగాన్ని అదుపులో ఉంచుతారు. ఈ సంగతిని పుస్తకంలో చదివినవారికంటే, సిమ్యులేటరులో ట్యాంకు ఒత్తిడి పడిపోవడం కళ్లారా చూసినవారు ఎక్కువ కాలం గుర్తుంచుకుంటారని నా నమ్మకం.

ఇక కాలం సంగతి. కంప్యూటరుకు నిరంతరంగా సాగే కాలం తెలియదు. అది ఒక క్షణంలోని వేగాన్ని తీసుకొని, తరువాతి చిన్న వ్యవధి అంతా అదే వేగం ఉంటుందని భావించి ముందుకు జరుపుతుంది. ఆపైన బలాలను మళ్లీ లెక్కిస్తుంది. ఒక రాయి రెండు సెకన్లలో 19.6 మీటర్లు పడాలి. వ్యవధిని ఒక సెకనుగా తీసుకుంటే ఈ పద్ధతిలో 9.8 మీటర్లే వస్తుంది. సెకనులో పదోవంతు తీసుకుంటే 18.62 వస్తుంది. నూరోవంతు తీసుకుంటే 19.5 వస్తుంది. పాఠశాలల్లో సూత్రాలను కంఠస్థం చేయించే బదులు ఈ పట్టికను పిల్లల చేతనే వేయిస్తే కలనగణితం సగం అర్థమైనట్లే. వ్యాగన్లను కలిపే కప్లర్లను గట్టి స్ప్రింగులుగా లెక్కించేటప్పుడు వ్యవధి పెద్దదైతే తప్పు ఉన్నంతలో ఉండిపోదు, ప్రతి అడుగులోనూ పెరుగుతూ పోయి, చివరకు బండి తునాతునకలైనట్లు లెక్క తేలుతుంది. ఎక్స్-ప్లేన్ అనే విమాన సిమ్యులేటరు, కంప్యూటరు వేగం చాలక సెకనుకు 20 చిత్రాలైనా గీయలేని స్థితి వస్తే, వ్యవధిని పెంచే బదులు ఆటలోని కాలాన్నే నెమ్మదింపజేస్తుంది.

ఆ ఎక్స్-ప్లేన్ రెక్కనూ ముక్కలు చేస్తుంది. ప్రతి ముక్కకూ గాలి ఏ కోణంలో, ఎంత వేగంతో తగులుతున్నదో, దాని వల్ల ఎంత ఎత్తుడు బలం, ఎంత నిరోధం కలుగుతున్నాయో విడిగా లెక్కగట్టి, వాటిని కూడి విమానాన్ని కదుపుతుంది. దీని ఫలితాన్ని ఇంట్లోనే చూడటానికి నాకెంతో ఇష్టమైన ప్రయోగం ఒకటి ఉంది. సెస్నా అనే ఒక చిన్న విమానాన్ని మేఘాలు లేని, గాలి వీచని వాతావరణంలో, ఎవరూ పట్టుకోకున్నా సమతలంగా ఎగిరేటట్లు సర్దండి. విమానాన్ని నడిపే స్టిక్కును కొద్దిగా వెనక్కు లాగి, వేగం కాస్త తగ్గాక వదిలేసి, ఇక ముట్టుకోకండి. వేగం తగ్గింది కనుక ఎత్తుడు బలం చాలక ముక్కు దిగుతుంది. దిగుతూ వేగం పుంజుకుంటుంది. వేగంతో ఎత్తుడు బలం పెరిగి మళ్లీ లేస్తుంది. లేస్తూ వేగం కోల్పోతుంది. విమానం ఎత్తునూ వేగాన్నీ ఒకదానికొకటి మార్చుకుంటూ, ఆకాశంలో పొడవైన అలలు గీస్తుంది. ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ ఈ కదలికకు ఫ్యూగాయిడ్ అని పేరు పెట్టి, 1908లో దాని సిద్ధాంతాన్ని ప్రచురించారు. ఆయన తేల్చినదాని ప్రకారం ఒక అల పూర్తి కావడానికి పట్టే సమయం విమానం బరువు మీద గాని, ఆకారం మీద గాని ఆధారపడదు, వేగం మీదనే ఆధారపడుతుంది: సెకనుకు మీటర్లలో ఉన్న వేగాన్ని 0.45తో గుణిస్తే చాలు. గంటకు 180 కిలోమీటర్లంటే సెకనుకు 50 మీటర్లు, అంటే సుమారు 22 లేక 23 సెకన్లు. గడియారం పట్టుకొని కొలవండి. లాంచెస్టర్ గాలి నిరోధాన్ని వదిలేశారు కనుక కొంత తేడా వస్తుంది. ఆ తేడా ఎంతో, వేరు వేరు వేగాల దగ్గర ఎలా మారుతుందో చూడటమే ఈ ప్రయోగంలోని ఆనందం. 1989లో అమెరికాలో రెక్కల, తోకల పలకలను కదిలించే హైడ్రాలిక్ వ్యవస్థలన్నీ కోల్పోయిన యునైటెడ్ 232 అనే డీసీ-10 విమానం ఇటువంటి అలలలోనే చిక్కుకుంది. ఇంజన్ల శక్తిని పెంచుతూ, తగ్గిస్తూ వాటిని అణచడానికి పైలట్లు పెనుగులాడి దానిని సూ సిటీ విమానాశ్రయం దాకా తేగలిగారు. 296 మందిలో 184 మంది బ్రతికారు.

ఆకాశంలో గాలి లేని గుంతలు ఉంటాయనీ, విమానం వాటిలో పడితే ఒక్కసారిగా కిందికి జారుతుందనీ చదువుకున్నవారు కూడా నమ్ముతారు. అలాంటి శూన్యం ఎక్కడా లేదు; అక్కడ ఉన్నది కిందికి దిగుతున్న గాలి. ఇంజను ఆగితే విమానం రాయిలా పడుతుందన్న భయం కూడా నిరాధారమే. సిమ్యులేటరులో సెస్నా 172 ఇంజను ఆపి చూడండి: ఒక కిలోమీటరు ఎత్తు కోల్పోయే లోపు అది దాదాపు తొమ్మిది కిలోమీటర్లు ముందుకు జారుతుంది.

ఇంటి కుర్చీ ఇవ్వలేనిది ఒకటుంది. మన లోచెవిలోని అర్ధవృత్తాకార నాళాలలో ఉండే ద్రవం, విమానం ఒకే తీరున మెల్లగా తిరుగుతూ ఉంటే కొద్ది సెకన్లలో ఆ తిరుగుడును అందుకుంటుంది. అప్పుడు పైలట్‌కు నేరుగా పోతున్నట్లే అనిపిస్తుంది. మలుపు ఆపి నిజంగా నేరుగా వచ్చినప్పుడు, ఎదురు వైపు తిరుగుతున్నట్లు అనిపిస్తుంది. మేఘంలో ఏమీ కనబడని పైలట్ ఆ అనుభూతిని తోసిపుచ్చి పరికరాలనే నమ్మాలి. కుర్చీలో కదలకుండా కూర్చున్నవారి చెవి వారికి ఆ అబద్ధం చెప్పదు కనుక, మేఘంలో విమానం నడపడం తెర మీద, నిజంగా ఉన్నదానికంటే ఎంతో తేలికగా కనిపిస్తుంది. పరికరాలను ఏ వరుసలో, ఎంత తరచుగా చూడాలో మాత్రం ఇంట్లోనే చక్కగా అలవాటు చేసుకోవచ్చు.