పట్టికలో పచ్చగా ఉన్నవన్నీ పరిష్కారాలు కావు: ప్రభుత్వ సేవల కొలతలపై అపోహలు - వాస్తవాలు

శాఖల పనితీరు లెక్కలు పరిశీలించడం, వాటిని సరిగ్గా వేయడం సిబ్బందికి నేర్పడం నా ఉద్యోగం. హైదరాబాద్‌లో ఏ సమీక్షా సమావేశానికి వెళ్లినా తెర మీద, పని అయిందని చెప్పే ఆకుపచ్చ గళ్ల పట్టిక ఉండాల్సిందే. దాన్ని చూసి జనమే కాదు, అధికారులు కూడా మోసపోతుంటారు.

అపోహ: ‘పరిష్కారమైంది’ అని వచ్చిందంటే సమస్య తీరినట్టే.

వాస్తవం: ఫిర్యాదును మూసేశారని మాత్రమే కంప్యూటర్‌కు తెలుసు. వాన వెలిసిన మర్నాడు ఒక సందులో నల్లటి నీరు నిలిచిందనుకోండి. మురుగు మ్యాన్‌హోల్ పొంగితే జలమండలి చూడాలి, వరద కాలువ పూడితే నగరపాలక సంస్థ చూడాలి. ఇంటి ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డ మనిషికి ఆ నీరు ఎక్కడి నుంచి వచ్చిందో ఎలా తెలుస్తుంది? తోచిన చోట ఫిర్యాదు చేస్తాడు. ‘మా పరిధి కాదు, సంబంధిత శాఖను సంప్రదించగలరు’ అని రాసి మూసేస్తారు. రెండో కార్యాలయం కూడా మా వైపు లోపం లేదని మూసేస్తే, ఇద్దరి ఖాతాలోనూ చెరో పరిష్కారం జమ అవుతుంది. నీళ్లు ఎక్కడివక్కడే.

అందుకే నేను ముందుగా అడిగేవి రెండు అంకెలు. పరిధి కాదని మూసినవి ఎన్ని? నెల తిరక్కుండా అదే చోటి నుంచి మళ్లీ వచ్చినవి ఎన్ని? చాలా పట్టికల్లో అసలు ఆ గళ్లే ఉండవు. కార్యాలయం దగ్గర ఆ వివరాలు ఉంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగవచ్చు.

అపోహ: గడువులోగా తేల్చారంటే సేవ బాగున్నట్టే.

వాస్తవం: గడువు ఎప్పుడు మొదలైందో, ఏ కొర్రీతో మధ్యలో ఆగిందో చూడకుండా ఆ మాట అనలేం. మీసేవలో ఆదాయ ధ్రువీకరణ పత్రానికి పెట్టిన దరఖాస్తు తహసీల్దార్ కార్యాలయానికి వెళ్తుంది. ఇలాంటి సేవల్లో చివరి రోజున ‘ఆధారాలు చాలవు’ అని తిరస్కరించినా, గడువును మాత్రమే కొలిచే పట్టిక దాన్ని సకాలంలో జరిగిన పనిగానే చూపిస్తుంది. మళ్లీ పెడితే కొత్త నంబరు, కొత్త గడువు. ఉపకార వేతనం కోసం తిరిగే విద్యార్థికి అది ఒకటే పని, పట్టికకు మాత్రం రెండు. లెక్కపెట్టాల్సింది దరఖాస్తు నంబరును కాదు, మనిషిని. మొదటిసారి వచ్చిన తేదీ నుంచి పత్రం చేతికందే దాకా ఎన్నాళ్లు పట్టింది? సగటు కూడా చాలదు. తక్కువ రోజులు పట్టినవాళ్లు ముందు వచ్చేలా వందమందిని వరసలో నిలబెడితే తొంభయ్యో మనిషి ఎన్నాళ్లు ఆగాడో చూడాలి.

ఫిర్యాదులు తక్కువ వచ్చిన వార్డు బాగున్న వార్డు అన్నది అధికారులకు ప్రీతిపాత్రమైన అపోహ. అపార్ట్‌మెంటు సంఘాలున్న చోట చెత్త ఒక పూట నిలిచినా యాప్‌లో ఫొటో పడుతుంది. బస్తీలో తెల్లారకముందే కూలికి వెళ్లే మనిషి చెప్పి లాభమేమిటని ఊరుకుంటాడు. పని మెరుగుపడిన చోట నమ్మకం కుదిరి కొన్నాళ్లు ఫిర్యాదులు పెరగవచ్చు కూడా. అది చూసి అక్కడి అధికారికి మెమో ఇస్తే వచ్చే నెల నుంచి ఫిర్యాదులు నమోదే కావు.

అపోహ: లక్ష్యం చేరితే ఫలితం వచ్చినట్టే.

వాస్తవం: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆసుపత్రి కాన్పులు 97 శాతం. 2018-20లో మాతృ మరణాలు లక్ష సజీవ జననాలకు 43, దేశ సగటు 97. మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే సిజేరియన్లు 60.7 శాతం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5, ప్రైవేటులో 81.5. జనాభా మొత్తంగా చూస్తే సిజేరియన్లు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతాయనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ఆసుపత్రికి వచ్చారా లేదా అన్న ఒక్క అంకెనే పట్టుకు కూర్చుంటే, వచ్చాక జరిగేది కనపడదు.

ఇక ప్రభుత్వ సేవలను కొలవడమే కుదరదనే వాళ్లున్నారు. అదీ అపోహే. బెంగళూరులో 1990ల్లోనే ప్రజా విధానాల నిపుణుడు శామ్యూల్ పాల్ బృందం పౌరులను నేరుగా అడిగి సంస్థలవారీగా మార్కులు వేసింది. ఎన్నిసార్లు తిరిగారు, లంచం అడిగారా, చివరికి పని అయిందా వంటి ప్రశ్నలు చాలు. అడిగేవాళ్లు మాత్రం ఆ శాఖ వాళ్లు కాకూడదు. ఫిర్యాదు మూసిన ఉద్యోగే ఫోన్ చేసి ‘మీ పని అయిపోయింది కదండీ?’ అంటే అవతలివాళ్లు అయిందనే చెబుతారు. రేపు మళ్లీ ఆయనతోనే పని పడుతుంది మరి.