ఒక్క రోగిలో ఎన్ని డెంగీ వైరస్‌లు? పాత వివాదం మళ్లీ ఎందుకు లేచింది

డెంగీ వైరస్‌పై నేరుగా పనిచేసే మందులు మనుషులపై పరీక్షల దశకు చేరడంతో, ఇన్నేళ్లూ పరిశోధకుల మధ్యే నలిగిన ఒక ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. రోగి ఒంట్లోని వైరస్‌ను ఒకే జన్యుక్రమంతో వర్ణిస్తే సరిపోతుందా, లేక ఆ ఒక్క రోగిలోనే కనబడే చిన్నచిన్న తేడాలనూ లెక్కలోకి తీసుకోవాలా? మందుకు లొంగని రూపం ఆ తేడాల్లో ముందే పొంచి ఉండవచ్చని ఒక పక్షం అంటోంది. ఉన్నా అది దోమను దాటి మరో మనిషిని చేరడం కష్టమని రెండో పక్షం జవాబిస్తోంది.

తేడాలు పుడతాయన్న విషయంలో ఎవరికీ పేచీ లేదు. సుమారు 10,700 అక్షరాలున్న డెంగీ ఆర్‌ఎన్‌ఏను నకలు తీసే ఎన్‌ఎస్‌5 ఎంజైమ్‌కు తన తప్పును తాను దిద్దుకునే శక్తి లేదు. వివాదమంతా ఆ తప్పులు చివరికి ఏమవుతాయన్నదానిపైనే.

డెంగీ వైరస్‌లోని నాలుగు రకాల్లో మూడో రకం సోకినవారి ప్లాస్మాలోని వైరస్‌ను తైవాన్ పరిశోధకులు క్లోన్‌లుగా, అంటే ఒక్కో జన్యుప్రతిగా విడదీసి, ఒక్కొక్కదాన్నీ విడిగా చదివి 2002లో ఫలితాలు ప్రచురించారు. ఒకే రోగి నుంచి వచ్చిన క్లోన్‌లు దగ్గరి పోలికలున్నవే అయినా అచ్చంగా ఒకటి కావని తేలింది. కొన్నింటిలో ప్రోటీన్ తయారీని మధ్యలోనే ఆపేసే స్టాప్ కోడాన్ కూడా కనిపించింది. అలాంటివి పుట్టిన చోటే చచ్చిపోయే వ్యర్థాలని కొట్టిపారేయడానికి అప్పటికి వీలుండేది.

ఆ వీలును మూసేసింది మయన్మార్. అక్కడ 2001లో డెంగీ భారీగా ప్రబలినప్పుడు దొరికిన వైరస్‌లలో దాదాపు అన్నీ మొదటి రకానివే. వాటిలో ఒక వంశానికి పై తొడుగు ప్రోటీన్ అయిన 'ఈ' జన్యువులో స్టాప్ కోడాన్ ఉంది. తొడుగు లేనిదే వైరస్ కొత్త కణంలోకి చొరబడలేదు కనుక, లెక్కప్రకారం ఆ వంశం మొదటి రోగితోనే అంతం కావాలి. కానీ అది రోగుల్లోనూ, ఈడిస్ దోమల్లోనూ కనీసం 18 నెలలపాటు కొనసాగిందని 2006లో 'సైన్స్' పత్రికలో జాన్ ఆస్కొవ్, ఎడ్వర్డ్ హోమ్స్ బృందం వెల్లడించింది. వారు ఇచ్చిన వివరణ ఇది: అదే కణంలోకి చేరిన ఆరోగ్యవంతమైన వైరస్ తయారుచేసిన తొడుగును, ఒకరి చొక్కా మరొకరు తొడుక్కున్నట్టు, ఈ లోపభూయిష్ఠ వైరస్ వాడుకుంటోంది. ఇది నిజం కావాలంటే రోగిలోనే కాదు, దోమలో కూడా రెండు రూపాలూ పదేపదే ఒకే కణంలో కలవాలి, అంటే దోమ మోసుకెళ్లేది ఒంటరి వైరస్‌ను కాదు, గుంపును. నేటి వివాదానికి అసలు మలుపు ఇదే. 'ఒక రోగికి ఒక క్రమం' అన్న పద్ధతి ఆ రోజే బలహీనపడింది, దాన్ని వాడేవారు గమనించినా గమనించకపోయినా.

రెండో పక్షానికి పెద్ద ఆధారం వియత్నాం నుంచి వచ్చింది. అక్కడి రోగుల రక్తాన్ని నేరుగా తాగిన దోమలను పరిశీలించినప్పుడు, మనిషిలో కనిపించిన తేడాల్లో 90 శాతానికి పైగా దోమలో మాయమయ్యాయని 2015లో తేలింది. అయితే అదే అధ్యయనం దోమలో కొత్త తేడాలు పుట్టి వైవిధ్యం నిలబడిందని కూడా చెప్పింది. ఈ రెండో సగాన్ని ఉటంకించేవారు తక్కువ.

ఇక్కడ క్యూబాను గుర్తుచేసుకోవాలి. హవానాలో 2001-02లో మూడో రకం డెంగీ ప్రబలినప్పుడు రోజులు గడిచేకొద్దీ రోగ తీవ్రత పెరిగింది. వైరస్ ప్రధాన క్రమం, అంటే ఎక్కువ ప్రతుల్లో కనిపించే క్రమం మాత్రం మొదటి నుంచి చివరిదాకా దాదాపు మారలేదు. ఆ నమూనాలను తర్వాత ఒకే నమూనాలోని వేలాది ప్రతులను చదివే డీప్ సీక్వెన్సింగ్‌తో చూస్తే, అడుగున ఉన్న మైనారిటీ రూపాల నిష్పత్తులు మారుతూ వచ్చాయని బయటపడింది. తీవ్రతకు కారణం అవేనని దీనితో రుజువు కాలేదు. కానీ ప్రధాన క్రమాన్ని మాత్రమే చూసినవారికి అక్కడ చూడటానికే ఏమీ ఉండేది కాదు.

ఈ చిన్న తేడాల లెక్కను నమ్మని విమర్శకుల అభ్యంతరాల్లో గట్టిది కొలతకు సంబంధించినది. ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే ఎంజైమ్, ఆ డీఎన్‌ఏకు ప్రతులు పెంచే పీసీఆర్, చదివే యంత్రం మూడూ తమవంతు తప్పులు చేరుస్తాయి. జ్వరం తగ్గే రోజుల్లో తీసిన రక్తంలో వైరస్ ప్రతులు కొద్దిగానే ఉంటాయి కనుక ఒక్క పొరపాటే ఒక శాతంగా కనిపించవచ్చు. ఒకే నమూనాను రెండుసార్లు విడివిడిగా చదివి, రెండింటిలోనూ వచ్చిన తేడాలనే నమ్మడం దీనికి కొంతవరకు విరుగుడు.

మందుల విషయంలో రెండు పక్షాలకూ ఆధారాలున్నాయి. ఎన్‌ఎస్‌4బీ అనే వైరస్ ప్రోటీన్‌ను అడ్డుకునే మందుకు లొంగని మార్పులు ప్రయోగశాల కణాల్లో ఆ ప్రోటీన్‌లోనే పుట్టాయి, అయితే అందుకు నెలలు పట్టింది. రోగుల్లో ఆ మార్పు మందు ఇవ్వకముందే ఉందా, ఇచ్చాక వచ్చిందా అన్నది తేల్చాలంటే మొదటి డోసుకు ముందు తీసిన రక్తంలోని మైనారిటీ రూపాలను కూడా చదివి భద్రపరచాలి. జన్యుక్రమాల బహిరంగ భాండాగారమైన జెన్‌బ్యాంక్‌లో చేరుతున్న డెంగీ జన్యుక్రమాల్లో అత్యధికం మాత్రం ఇప్పటికీ ఒక రోగికి ఒకటి చొప్పునే ఉంటున్నాయి.