ఎరుపును నిలబెట్టిన తీరం

మచిలీపట్నం కలంకారీ బట్టను ఎన్నిసార్లు ఉతికినా దానిలోని ఎరుపు ఎందుకు వెలిసిపోదని ఒక పాఠకురాలు అడిగారు. కృష్ణా తీరానికి మూడు నాలుగు వందల ఏళ్ల కిందటే దేశదేశాలలో పేరు తెచ్చిన ప్రశ్న ఇది.

నిజానికి కళాకారులు బట్టమీద ఎర్ర రంగును పూయరు. కరక్కాయ రసమూ గేదె పాలూ కలిపిన నీటిలో ముంచి ఆరబెట్టిన నూలు బట్టమీద, మచిలీపట్నంలో చెక్క అచ్చులతోనూ శ్రీకాళహస్తిలో వెదురు కలంతోనూ వారు పెట్టేది పటిక నీరు మాత్రమే. పాలలోని కొవ్వు ఆ నీటిని గీత దాటి పాకనివ్వదు. కరక్కాయలోని టానిన్లు అనే వగరు పదార్థాలు పటికలోని అల్యూమినియాన్ని నూలుకు అంటిపెడతాయి. అంటని పటికను పారే నీటిలో ఉతికి వదిలించి, బట్టను చిరివేరు అనే మొక్క వేరుతో మరిగిస్తే, పటిక పెట్టినచోటనే ఎరుపు తేలుతుంది. చిరివేరులో రంగునిచ్చే పదార్థమైన అలిజరిన్ అణువు తన అంచున ఉన్న ఆక్సిజన్ పరమాణువులతో అల్యూమినియాన్ని పటకారులా పట్టుకుంటుంది. కాల్షియం కూడా తోడైతే ఆ సమ్మేళనం మరింత నిండైన ఎరుపుతో, నీటిలో కరగకుండా పోగులోనే ఉండిపోతుంది. బెల్లంతో పులియబెట్టిన ఇనుప నీరు పెట్టినచోట మాత్రం అదే కాగులో ఎరుపు రాదు, నల్లని ఛాయ వస్తుంది. లోహం మారితే రంగు మారుతుందని పిల్లలకు చూపడానికి ఇంతకన్నా మంచి ప్రయోగం నాకు తెలియదు. పాఠశాలలో ఒక్కసారైనా ఇది చేయించాలి.

ఈ ఎరుపును నది మహిమ అనేవారున్నారు. ఆ మాటలో భక్తి ఉంది కాని వివరణ లేదు. నీటిలోనూ నేలలోనూ ఉండే సున్నపు అంశమే, అంటే పైన చెప్పిన కాల్షియమే, ఇక్కడ పనిచేసింది. గవ్వలూ చిప్పలూ కలిసిన తీరపు ఇసుక నేలల్లో పెరిగిన చిరివేరును అద్దకందారులు మేలైనదిగా ఎంచేవారు. నిజాంపట్నం వేరుకు ప్రత్యేకించి పేరుండేది. ఆంగ్లేయులు 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టడానికి ఈ తీరపు బట్టలు ఒక ముఖ్య కారణం. ఉతికినా చెదరని ఆ రంగులకు యూరప్ ఎంతగా అలవాటు పడిందంటే, తమ నేతగాళ్లను కాపాడుకోవడానికి ఫ్రాన్స్ 1686లో అద్దకపు నూలు బట్టలను నిషేధించింది. ఇంగ్లండ్ 1721 నాటికి వాటి వాడకాన్నే చాలామటుకు ఆపింది.

జర్మనీలో గ్రేబె, లీబర్మన్ అనే రసాయన శాస్త్రవేత్తలు 1868లో అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశాక చిరివేరు తవ్వకం క్రమంగా అడుగంటింది. అయితే అణువు అదే కాబట్టి, పొడి అలిజరిన్‌తో మరిగించినా పటిక పని మారలేదు.

అడిగిన పాఠకురాలికి ఒక్క జాగ్రత్త చెప్పాలి. నిమ్మరసంలోని ఆమ్లం అల్యూమినియాన్ని తనవైపు లాక్కోగలదు కనుక, మరక పడిన కలంకారీ చీరకు దానిని రాయవద్దు.