నాలుగు రోజుల వారం, పది గంటల డ్యూటీ: అపోహలు - వాస్తవాలు

"సార్, పది గంటల డ్యూటీ చట్టం వచ్చిందట, ఇక ఓటీ (ఓవర్‌టైమ్) ఉండదట కదా?" ఫ్యాక్టరీలో హాజరు లెక్కలు చూసే టైమ్ ఆఫీసు కిటికీ దగ్గర ఈ ప్రశ్న తరచూ వింటున్నాను. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టాన్ని సవరించి ఫ్యాక్టరీల్లో రోజు పని పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచింది. అదే ఏడాది నవంబరు 21న కేంద్ర లేబర్ కోడ్‌లు (పాత కార్మిక చట్టాల స్థానంలో తెచ్చిన కొత్త చట్టాలు) అమల్లోకి వచ్చాయి, వాటితోపాటే రోజుకు పన్నెండు గంటల చొప్పున నాలుగు రోజుల వారం అనే మాటా వచ్చింది. రెండూ వాట్సాప్‌లో కలగాపులగమై కార్మికుడి జేబుకు చిల్లు పెడుతున్నాయి.

అపోహ: పది గంటల లోపు పనికి ఓటీ రాదు.

వాస్తవం: పెంచింది రోజు పరిమితిని. వారం పరిమితి 48 గంటలే, అది కదల్లేదు. కోడ్‌లు వచ్చాక కేంద్ర కార్మిక శాఖ చెప్పిందీ అదే. రోజుకు పది చొప్పున ఆరు రోజులు చేస్తే 60 గంటలు. అందులో 12 గంటలు ఓటీ, అదీ రెట్టింపు రేటుకు. గంటకు 80 రూపాయల కూలీ ఉన్నవాడికి వారానికి ఓటీ కిందే 1,920 రూపాయలు రావాలి. పైగా ఆ సవరణ మూడు నెలల ఓటీకి 144 గంటల హద్దు పెట్టింది. వారానికి 12 చొప్పున 13 వారాలు చేస్తే 156 అవుతుంది. అంటే 60 గంటల వారం ఏడాది పొడుగునా నడపడానికి ఆ సవరణ కూడా ఒప్పుకోదు!

ప్యాకింగ్‌లో పనిచేసే ఒక కాంట్రాక్ట్ కుర్రాడు పే స్లిప్ పట్టుకొచ్చాడు. 26 రోజుల హాజరు, ఓటీ గడిలో సున్నా. పంచింగ్ రికార్డు తీస్తే రోజూ పది గంటలు. "కొత్త జీవో" అని సూపర్‌వైజర్ అంటే నమ్మేశాడు. ఇంటికి డబ్బు తక్కువ పంపుతున్నానని చెబుతూ తల దించుకున్నాడు. తప్పు అతనిది కాదు, తల దించుకోవాల్సిందీ అతను కాదు. ఆ కాంట్రాక్టర్ దగ్గర బకాయి రాబట్టేసరికి రెండు నెలలు పట్టింది. ఇన్, ఔట్ టైములు మీ చేత్తో మీరే రాసి పెట్టుకోండి. కాంట్రాక్టర్ మాట వినకపోతే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు ఇచ్చే అర్జీకి ఆ పుస్తకమే ఆధారం.

అపోహ: రోజులు తగ్గితే పని తగ్గినట్టే.

వాస్తవం: నాలుగు పన్నెండ్లు కూడా 48. మన దేశంలో వారం గంటలు నిజంగా తగ్గింది 1922లో 60కి, 1934లో 54కి, 1946లో 48కి. ఆ తర్వాత తగ్గలేదు.

అపోహ: రసాయనాల రియాక్టర్ రాత్రీ పగలూ ఆగదు, మా ప్లాంట్‌లో గంటలు తగ్గించడం కుదరదు.

వాస్తవం: వారంలో 168 గంటలు. మూడు బ్యాచ్‌ల మనుషులతో నడిపితే మనిషికి 56, నాలుగు బ్యాచ్‌లతో 42. ఆగాల్సింది రియాక్టర్ కాదు, మనిషి. నాలుగో బ్యాచ్ వచ్చిన ప్లాంట్‌లో నేను పనిచేశాను. రిలీవర్ (తర్వాతి షిఫ్టుకు రావాల్సిన మనిషి) రాలేదని డబుల్ డ్యూటీ చేసి ఎర్రటి కళ్లతో గేటు దాటే మనుషులు అక్కడ కనబడడం మానేశారు.

అపోహ: గంటలు తగ్గితే ఉత్పత్తి పడిపోతుంది.

వాస్తవం: పనిని బట్టి. జర్మనీలోని యేనాలో కటకాలు, సూక్ష్మదర్శినులు తయారుచేసే జైస్ కంపెనీ 1900లో రోజు పనిని 9 నుంచి 8 గంటలకు తగ్గిస్తే ఉత్పత్తి పెరిగింది, అక్కడ చేతి నైపుణ్యం ముఖ్యం. మెషిన్ వేగంతో నడిచే లైన్‌లో మాత్రం మనుషుల్ని పెంచక తప్పదు.

అపోహ: జీతం ఎటూ మారదు.

వాస్తవం: అంత ధీమా వద్దు. జర్మన్ కార్ల కంపెనీ ఫోక్స్‌వాగన్ 1994లో వారాన్ని 28.8 గంటలకు తగ్గించి దాదాపు 30,000 ఉద్యోగాలు నిలబెట్టింది, కానీ ఆదాయాలూ తగ్గాయి. మన దగ్గర రోజుకూలీ లెక్కన ఉన్న కాంట్రాక్ట్ వాళ్లు మరీ జాగ్రత్తపడాలి. ఆరు రోజుల పనిని నాలుగు రోజుల్లో చేయించుకుని నాలుగు రోజుల కూలీయే ఇస్తే నెల తిరిగేసరికి మూడో వంతు పోతుంది. నాలుగు రోజుల పద్ధతిలో మిగతా మూడు రోజులూ జీతంతో కూడిన సెలవులేనని కార్మిక శాఖ చెప్పింది. సంతకం పెట్టే ముందు ఆ మూడు రోజుల కూలీ గురించి కాగితం మీద రాయించుకోండి.